వచ్చె నంట గాని: ఒక ఆటవెలదికి టీకా తాత్పర్యాలు

అవతారిక

2022 అక్టోబర్ 1న ఢిల్లీలో ప్రధానమంత్రి ఐదో తరం మొబైల్ సేవలను ప్రారంభించారు. ఆనాడే ఎయిర్‌టెల్ ఎనిమిది నగరాల పేర్లు చదివింది, అందులో హైదరాబాదు ఉంది. విజయదశమి నాడు జియో నాలుగు పేర్లు చదివింది, అందులో తెలుగు ఊరు ఒక్కటీ లేదు. డిసెంబర్ 26న జియో తిరుమల, విశాఖపట్నం, విజయవాడ, గుంటూరులకు తెచ్చింది. అప్పటినుంచి మిగిలిన ఊళ్ళవాళ్ళు పేపర్లో జాబితా పడ్డ ప్రతిసారీ పదో తరగతి ఫలితాలు వెతికినట్టు తమ ఊరి పేరు వెతకడం మొదలుపెట్టారు. గుంటూరులో ఎక్కితే రైలు ఒక్క పూటలో మా వినుకొండలో దించుతుంది. ఐదో తరానికి అదే దారిలో పదకొండు వారాలు పట్టింది. 2023 మార్చి 14న జియో మరో 34 ఊళ్ళ జాబితా విడుదల చేసింది. మన రాష్ట్రం వరసలో అమలాపురం, ధర్మవరం, కావలి, తణుకు, తుని, ఆఖరున వినుకొండ. ఇంగ్లీషు అక్షరక్రమం మనల్ని ఆఖరుకు నెట్టింది తప్ప ఇందులో ఇంకే వివక్షా లేదు. వినుకొండతో కలిపి దేశంలో జియో ఐదో తరం ఊళ్ళు 365 అయ్యాయి, సంవత్సరానికి రోజులు ఎన్నో అన్ని.

అట్టి సందర్భంలో పుట్టిన పద్యమిది. కవి ఎవరని అడగవద్దు. టీక రాయడానికి కూర్చున్న తరువాత మూలం లేదని గమనించి వ్యాఖ్యాతే కట్టుకున్నాడు. కవిహృదయం గురించి ఇక పేచీలుండవు. అనవసరమైన ముక్క ఒక్కటీ రాయనని కాళిదాసు వ్యాఖ్యాత కొలిచెల మల్లినాథసూరి ప్రతిజ్ఞ పట్టాడు. ఆయన ప్రతిజ్ఞ ఆయనకే చెల్లు.

ఆ.
వచ్చె నంట గాని వాడకట్టుకు రాదు
మేడ యెక్కి చూడ మెల్ల మెల్ల
గీత లొకటి రెండు కిటికి చెంతకు వచ్చు
లోని కడుగు పెట్ట లోప మగును

టీక

వచ్చెన్ అంట = వచ్చినదని పేపరు చెప్పగా వింటిమి; కాని = అయినను; వాడకట్టుకున్ = మా బజారుకు; రాదు = రాలా; మేడ ఎక్కి చూడన్ = ఫోనుతో సహా డాబా ఎక్కి పరికింపగా; మెల్ల మెల్ల = ఏరోప్లేన్ మోడు వేసి తీసి, మరల వేసి తీసి, సెట్టింగులలో నెట్‌వర్కు రకము మార్చి మార్చి; గీతలు ఒకటి రెండు = ఫోను నెత్తిన నిలిచెడి సిగ్నలు రేకలు కొలదిగా; కిటికి చెంతకున్ వచ్చు = కిటికీ ఊచల దాకా దయచేయును; లోనికిన్ అడుగు పెట్టన్ = అదే ఫోనుతో గదిలోనికి పోగా; లోపము అగును = కనబడకుండ పోవును.

తాత్పర్యం: ఐదో తరం ఊరికి వచ్చింది, ఇంటికి రాలేదు.

విశేషాలు

“వచ్చె” అన్న క్రియకు పద్యంలో కర్త లేదు. ఏమి వచ్చిందో చెప్పనక్కర్లేదు, ఆ రోజుల్లో ఊరంతా దానికోసమే చూస్తోంది. అసలు చిక్కు ఎక్కడికి వచ్చిందన్న దగ్గర ఉంది. జాబితాలోని “వినుకొండ” అనే మాట ఎంత నేలను సూచిస్తుంది? పూర్వపక్షం: పురపాలక సంఘం హద్దుల దాకా. మరొక పక్షం: నియోజకవర్గమంతా, అంటే ఈపూరు, నూజెండ్ల, శావల్యాపురం, బొల్లాపల్లి కలుపుకొని. ఈ రెండో పక్షంవారు ఎన్నికల నాటి పటం చూసి మాట్లాడుతున్నారు. టెలికాం పటం తీరే వేరు. రాష్ట్రం 2014లో రెండయింది, వినుకొండ 2022 ఏప్రిల్లో గుంటూరు జిల్లా విడిచి పల్నాడు జిల్లాలో చేరింది. లైసెన్సుల లెక్కలో మాత్రం తెలంగాణ కూడా కలిసిన పాత ఆంధ్రప్రదేశ్ సర్కిలే నేటికీ నడుస్తోంది. సిద్ధాంతం: కొన్ని టవర్ల మీద కొత్త యాంటెన్నాలు బిగించి మీట నొక్కితే ఊరి పేరు జాబితాకెక్కుతుంది. మిగతా టవర్ల వంతు తరువాత. రీచార్జి కొట్టు దగ్గర జరిగే ఈ సంవాదమే దీనికి భాష్యం:

“అబ్బాయ్, మన ఊరికి వచ్చిందంటగా?”

“వచ్చింది బాబాయ్. బస్టాండు కాడ పడతంది.”

“మా బజారుకో?”

“ఇంకా రాలా. వచ్చిద్దిలే.”

ఇక “అంట”. శబ్దప్రమాణం, అనగా నమ్మదగినవాడు చెబితే నమ్మడం. సీతాపహరణ వార్తను రాముడు విన్న కొండ ఇదేనని స్థలపురాణం చెప్పే ఊళ్ళో వినికిడికి విలువ ఎక్కువే. కానీ వినుకొండ వినియోగదారుడు విన్నంతలో ఆగలేదు, డాబా ఎక్కాడు. శబ్దాన్ని ప్రత్యక్షంతో సరిచూసుకున్నాడు కనుక వీడు తార్కికుడే.

డాబా ఎందుకెక్కాలి? ఇది కవి చమత్కారమని కొందరు తేలిగ్గా తీసుకోవచ్చు, అలా తీసిపారేయరాదు. ఐదో తరానికి ప్రధానంగా వాడే 3500 మెగాహెర్ట్జ్ అలల పొడవు సుమారు 8.6 సెంటీమీటర్లు, బెత్తెడు కంటే కాస్త ఎక్కువ. ఇవి మోసుకొచ్చే డేటా ఎక్కువ, గోడ ముందు చూపించే ధైర్యం తక్కువ. 700 మెగాహెర్ట్జ్ అలల పొడవు సుమారు 43 సెంటీమీటర్లు, మూరకు రవంత తక్కువ. ఇవి దూరం పోతాయి, గోడ దాటి ఇంట్లోకి వస్తాయి. కాకపోతే అవి మోసే బరువు తక్కువ. ఊరి నడుమ అంత కొండ నిలబడితే దాని వెనక నీడ పడుతుంది. రాతిగోడ, కాంక్రీటు శ్లాబు, ఇనప తలుపు ఎవరి నీడ వాళ్ళు చేరుస్తారు. కనుక “కిటికి చెంతకు వచ్చు, లోని కడుగు పెట్ట లోప మగును” అన్నది భౌతికశాస్త్రం. కనబడకపోవడమే లోపమని పాణిని నిర్వచించాడు. ఉన్నది ఎక్కడికీ పోలేదు, మీ గదిలో కనబడటం లేదంతే. ఫిర్యాదు చేయడానికి ఫోన్ చేస్తే వచ్చే జవాబు కూడా ఇంచుమించు ఇదే.

“గీతలు” అనే మాట దగ్గర కాస్త నిలవాలి. కొండ మీద నిప్పుంది, ఎందుకంటే పొగ కనబడుతోంది అని న్యాయశాస్త్రం పాఠం మొదలుపెడుతుంది. మన వినియోగదారుడూ అలాగే అనుమానించాడు: ఇక్కడ ఐదో తరం ఉంది, ఎందుకంటే ఫోను మీద 5జి గుర్తు కనబడుతోంది. ఇది హేత్వాభాసం, అంటే హేతువులా కనబడే మోసం. ఐదో తరంలో రెండు మతాలున్నాయి. జియోది అద్వైతం: ఐదో తరం తన సొంత కేంద్ర వ్యవస్థ మీదే నిలుస్తుంది, నాలుగో తరంతో పని లేదు. ఎయిర్‌టెల్ విశిష్టాద్వైతంతో మొదలుపెట్టింది: నాలుగో తరం ఆధారంగా నిలిచి ఐదో తరం దాన్ని ఆశ్రయించి ఉంటుంది. ఈ రెండో మతంలో నాలుగో తరం టవరు “నా దగ్గర ఐదో తరం దొరుకుతుంది” అని చాటితే చాలు, ఫోను ఇంకా దాన్ని అందుకోకముందే గుర్తు వెలిగించవచ్చు. అనగా పొగ ముందు, నిప్పు తరువాత. మరొక దోషం: గీతలు బలాన్ని కొలుస్తాయి, తీరికను కొలవవు. తొలి ఏకాదశి తిరునాళ్ళకు కొండకు వచ్చిన జనమంతా ఒకేసారి వీడియో పంపబోతే గీతలు నిండుగానే ఉంటాయి, వీడియో మాత్రం తిరుగుతూనే ఉంటుంది. టవరు సత్తువ అక్కడున్న ఫోన్లన్నీ పంచుకోవాలి మరి.

ప్రకటనల్లో వేగం “సెకనుకు ఒక గిగాబిట్ వరకు” అని ఉంటుంది. మీమాంసకులు వేదవాక్యాలను విధి, అర్థవాదం అని విడదీశారు. విధి ఆజ్ఞాపిస్తుంది, అర్థవాదం పొగుడుతుంది. పొగడ్తను ఉన్నదున్నట్టు పుచ్చుకోకూడదని వాళ్ళ హెచ్చరిక. గిగాబిట్ అర్థవాదం. రీచార్జి విధి.

పాఠాంతరం: “వచ్చె నంట” అనే చోట “వచ్చు నంట” అని బీఎస్ఎన్ఎల్ సిమ్ముదారులు చదువుతారు. ఛందస్సు చెడదు, కాలమే మారుతుంది. ప్రైవేటు కంపెనీలు 365 ఊళ్ళు దాటి పోతున్నప్పుడు వీళ్ళు నాలుగో తరం కోసం చూస్తుండేవారు. స్వదేశీ పరిజ్ఞానంతో కట్టిన ఆ నెట్‌వర్కు 97,500 టవర్లతో దేశానికి అంకితమైంది 2025 సెప్టెంబర్ 27న, ఒడిశాలోని ఝార్సుగూడలో. ఈ పాఠాన్ని పట్టుకుని అన్నాళ్ళు నిలిచినవారి నిష్ఠను వ్యాఖ్యాత శంకించడు.

రసం విప్రలంభం, అంటే ఎడబాటులోని శృంగారం. కొందరు హాస్యమంటారు, వారికి బహుశా ఇంట్లో సిగ్నలు ఉండి ఉంటుంది. నాయికాభేదం చూస్తే విషయం తేటపడుతుంది. మన దేశంలో 5జి ఫోన్ల అమ్మకం 2020 ఫిబ్రవరి నుంచే మొదలయింది, నెట్‌వర్కు వచ్చింది రెండున్నరేళ్ళు దాటాక. ఆ లోపల కొన్నవారు వాసకసజ్జికలు: ఇల్లు సర్ది, అలంకరించుకుని, వాకిలి వైపు చూస్తూ కూర్చున్నవారు. ఐఫోనువారికి టవరు వచ్చినా ఫోను ఒప్పుకోలేదు. 2022 డిసెంబర్లో కంపెనీ సాఫ్ట్‌వేరు పంపేదాకా వాళ్ళు విరహోత్కంఠితలు. గుర్తు వెలిగి నెట్టు రాకపోతే విప్రలబ్ధ. పక్కింట్లో వచ్చి తన ఇంట రాకపోతే ఖండిత. రాత్రివేళ చెప్పులు చేతబట్టుకుని డాబా మెట్లెక్కేది అభిసారిక, లాక్షణికులు ఆమెకు చెప్పిన చీకటి, తొందర, భయం అన్నీ సరిపోతాయి, నీళ్ళ ట్యాంకు పైపు తగలడం ఒక్కటే కొత్త. స్వాధీనపతిక టవరు స్థలానికి అద్దె తీసుకునే ఇంటావిడ. ఆమె మీద పద్యం కట్టడానికి వ్యాఖ్యాతకు మనసు రాలేదు.

ఇది సందేశకావ్యాల కోవలోదని మరో వాదం. ఈ ఊళ్ళో 1895లో పుట్టిన గుర్రం జాషువా 1941లో ‘గబ్బిలం’ కావ్యంలో గబ్బిలం చేత కాశీ విశ్వేశ్వరుడికి కబురు పంపాడు. గుళ్ళోకి రానివ్వని మనిషి మొర అది. గబ్బిలం తన కూతకు వచ్చే ప్రతిధ్వని విని దారి పోల్చుకుంటుంది, దానికి టవరు అక్కర్లేదు, గర్భగుడి గోడా అడ్డు కాదు. ఆ పద్యాల పక్కన ఈ ఆటవెలదిని నిలబెట్టడం వ్యాఖ్యాతకు ఇష్టం లేదు కనుక ఆ వాదం ఇంతటితో చాలు.

ఫలశ్రుతి

2024 జులైలో జియో, ఎయిర్‌టెల్ రెండూ లెక్కలేని ఐదో తరం డేటాను రోజుకు రెండు గిగాబైట్లు, అంతకు పైబడిన ప్లాన్లకే పరిమితం చేశాయి. అంటే రాని దానికి కూడా డబ్బు కట్టే అవకాశం ఉంది. అదే ఏడాది తెచ్చిన సేవా నాణ్యత నిబంధనల్లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఒక మంచి పని చేసింది. ఎక్కడ ఏ తరం అందుతుందో చూపే పటాన్ని ప్రతి కంపెనీ తన వెబ్‌సైటులో పెట్టాలంది. కనుక పాఠకులారా, పై ప్లాను వేయించుకోబోయే ముందు ఆ పటంలో మీ బజారు చూసుకోండి. పటానికి మీ గోడల సంగతి తెలియదు కాబట్టి, అదే కంపెనీ సిమ్మున్న పక్కింటి అబ్బాయిని పిలిచి మీ పడకగదిలో ఒక వీడియో ఆడించమనండి. గీతలు లెక్కపెట్టకండి. వీడియో ఆగకుండా ఆడితేనే డబ్బు కట్టండి.