కళాయాత్రయా, కాళ్ళయాత్రయా?

నర్సీపట్నమున కోడికూతకు ముందే బస్సెక్కి, తాళ్ళపాలెము కూడలి దాటి, అనకాపల్లి బెల్లపు పరిమళమును ఆఘ్రాణించుచు, విశాఖపట్నపు సమస్త కళావైభవమును ఒక్క దినములో ఆపోశనము పట్టి రావలెనని బయలుదేరిన మా పొరుగు గృహస్థుని సంకల్పము మహత్తరమైనదే. (పూరీ జగన్నాథ్ వంటి దర్శకుని చిత్రసీమకు పంపిన ప్రాంతమువారు వినోదమునకై ఊరు దాటుట విధివిలాసము గాబోలు!) 1969లో నౌకాదళమున ప్రవేశించి, 2001లో విశ్రమించి, మరుసటి యేట సాగరతీరమున ప్రదర్శనశాలగా వెలసిన కుర్సురా జలాంతర్గామిని ఆయన సెల్‌ఫోను ఆమూలాగ్రము దర్శించినది, ఆయన మాత్రము సెల్‌ఫోనునే దర్శించెను.

సాయంకాలము నృత్యసభ. ముఖ్యఅతిథి, విశిష్టాతిథి, ఆత్మీయాతిథి, అటుపై ఏ విశేషణమును దొరకని మరి నలుగురతిథులు పరస్పరము శాలువలు కప్పుకొని, కళలు క్షీణించుచున్నవని గంటన్నరసేపు విలపించుచుండగా, గజ్జె కట్టిన నర్తకి తెరచాటున స్తంభీభూతయై నిలిచియుండెను. ఆమె పాదము కదలు వేళకు కడపటి బస్సు కదలు వేళ అయినది.

అర్ధరాత్రము దాటి ఇల్లు చేరిన భర్తను చూచి, "నాట్యమెట్లున్నదండీ?" అని ఇల్లాలు అడిగినది.

"శాలువలు బాగున్నవే," అనెను.