ఎర్ర మందు

మా కీమో వార్డులో అందరికీ భయం ఎర్ర మందంటేనే. అసలు పేరు డాక్సోరూబిసిన్. నోరు తిరక్క, రంగు చూసి పేషెంట్లే ఆ పేరు పెట్టుకున్నారు. సూది పెట్టి పక్క మంచం దగ్గరికి వెళ్లిపోయే మందు కాదది. నరంలోకే పోతోందా లేదా అని చూసుకుంటూ, సిరంజితో మెల్లగా నేనే ఎక్కించాలి. నరం దాటి బయటికి పోతే లోపలి కండ చెడి పుండు పడుతుంది. అందుకని కళ్లు ఆ చేతి మీదే ఉంటాయి. నోరు మాత్రం ఆగదు. రేపు మూత్రం ఎర్రగా వస్తుంది, అది రక్తం కాదు, బెదిరిపోకండి అని చెబుతూ ఉంటాను. రక్త క్యాన్సర్ పిల్లలకిచ్చే పసుపు రంగు మెథోట్రెక్సేట్ చూసి తల్లులు హడలిపోతే, యల్లాప్రగడ సుబ్బారావు గారి కథ ఎత్తుకుంటాను. "1895లో మా భీమవరంలో పుట్టినాయన అమెరికా వెళ్లి, తన బృందంతో ఈ మందు తయారుచేశాడమ్మా" అంటే ఆ తల్లి మొహం కాస్త తేటపడుతుంది. మందు సగం పని చేస్తే మాట సగం చేస్తుందని నా నమ్మకం.

ఒకసారి ఎర్ర మందు సగంలో ఉండగా అమ్మ ఫోన్ చేసింది. నా చేతులకి గ్లోవ్స్ ఉన్నాయి. ఆయా ఫోను నా చెవి దగ్గర పెట్టింది.

"అమ్మడూ, నీకో మాట చెప్పాలే..."

"ఎర్ర మందు ఎక్కుతోందమ్మా, మాట్లాడకూడదు. రాత్రికి చేస్తాను."

ఇల్లు చేరేసరికి పదయింది. మర్నాడు చేస్తే, "ఏం లేదులే. తిన్నావా? పండక్కి వస్తున్నావా?" అంది. ఆ సంక్రాంతికి సెలవు దొరకలేదు.

కొత్త కేసు వస్తే పన్నెండేళ్లుగా నా మొదటి ప్రశ్న ఒకటే: "గడ్డ చేతికి తగిలి ఎన్నాళ్లయింది?" ఏడు నెలలంటారు, పది నెలలంటారు. వరి కోతలు, కూతురి కాన్పు, మనవడి పరీక్షలు అడ్డొచ్చాయంటారు. అన్నిటికంటే ఎక్కువగా వినే మాట, "నొప్పి లేదు కదమ్మా!" రొమ్ములో క్యాన్సర్ గడ్డ మొదట్లో చాలామందికి నొప్పి పెట్టదు. దాని మోసమంతా అక్కడే ఉంది. నొప్పి ఉన్నవే చెప్పుకోని ఆడవాళ్లు, నొప్పి లేనిదాన్ని ఎవరితో చెప్పుకుంటారు?

అందుకే వాళ్లనెప్పుడూ కసరలేదు. కసిరింది వెంట వచ్చిన పిల్లల్నే. పోయిన వేసవిలో నల్గొండ వైపు నుంచి ఒక పెద్దమ్మను తీసుకొచ్చాడు కొడుకు. ఎనిమిది నెలల గడ్డ. అతన్ని వరండాలోకి పిలిచి అడిగాను: "అమ్మ చెప్పలేదా, మీరు వినలేదా?" గోడకి ఆనుకుని ఏడ్చేశాడు. నాకు జాలి కలగలేదు. కొత్తగా చేరిన సిస్టర్ అక్కడే ఉంది. "ఈ ప్రశ్న పిల్లల్ని తప్పకుండా అడుగు. రేపు ఇంట్లో ఇంకొకరు చెబితేనైనా వింటారు" అన్నాను. ఆ అమ్మాయి బుద్ధిగా నేర్చుకుంది.

ఈ సంక్రాంతికి ఎలాగైతేనేం ఊరెళ్లాను. భోగి తెల్లవారుజామున అమ్మకి నేనే తలంటుతానన్నాను. వీపుకి నలుగుపిండి రుద్దుతుంటే చంక కింద ఏదో తగిలింది. చెయ్యి అక్కడే ఆగిపోయింది. ముందుకి తడిమితే రొమ్ములో ఇంకొకటి, గట్టిగా, రాయిలా.

"నొప్పి లేదులే. నీళ్లు చల్లారిపోతున్నాయి, కానీ" అంది అమ్మ.

కనుమ వెళ్లగానే హైదరాబాద్ తీసుకొచ్చేశాను. మా వార్డులోనే, నేను రోజూ కూర్చునే బల్ల దగ్గర, ఆ కొత్త సిస్టర్ కేస్ షీట్ రాస్తోంది. నేను పేషెంటు తాలూకు మనిషిగా పక్కన నిలబడ్డాను.

"గడ్డ చేతికి తగిలి ఎన్నాళ్లయింది పెద్దమ్మా?"

"ఏడాది దాటింది తల్లీ."

పెన్ను ఆగింది. ఆ అమ్మాయి తలెత్తి నా వైపు చూసింది. తర్వాత అడగాల్సిన ప్రశ్నేమిటో మా ఇద్దరికీ తెలుసు. అడగలేక తల దించుకుంది.

అమ్మకేం అర్థమైందో, నా చెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కుంది.

"దాన్నేమీ అనకు తల్లీ. దానికి చెబుదామని అప్పుడే ఫోన్ చేశాను. ఎర్ర మందు ఎక్కుతోందంట. మాట్లాడకూడదంట."