గట్టు తగాదా

లా ఫైనలియర్ క్లాసు. ప్రత్యామ్నాయ వివాద పరిష్కారం పేపరు. బార్ కౌన్సిల్ తప్పనిసరి చేసింది కాబట్టి ఎవరూ ఎగ్గొట్టరు గానీ, మూట్ కోర్టు రోజున కనపడే హుషారు ఇక్కడ కనపడదు. వాదించడం నేర్పినంత శ్రద్ధగా మన లా చదువు అడగడం నేర్పదు, నన్నడిగితే.

సివిల్ ప్రొసీజర్ కోడ్ 89వ సెక్షన్ మేడం ముందే చెప్పేశారు. రాజీకి వీలున్న కేసును కోర్టే మీడియేషన్‌కో లోక్ అదాలత్‌కో పంపవచ్చు. 2002 జులై 1 నుంచి అమల్లో ఉంది. లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే కట్టిన కోర్టు ఫీజు వాపసొస్తుంది, ఆ అవార్డు మీద అప్పీలు ఉండదు.

ఆ రోజు పుస్తకం మూసి ముగ్గుర్ని ముందుకు పిలిచారు. ఒకడు అన్న, ఒకడు తమ్ముడు, ఒకమ్మాయి మీడియేటరు. అన్న దావా వేశాడు, తమ్ముడు గట్టు జరిపి 3 సెంట్లు కలిపేసుకున్నాడని. అన్నదమ్ములకు చెరొక మడత చీటీ ఇచ్చారు.

"మీడియేటరు విడిగా పిలిచి అడిగితేనే ఇందులో ఉన్నది చెప్పాలి."

అమ్మాయి చురుకైనది. సర్వే నంబరు అడిగింది, అడంగల్ చూసింది, కాగితం మీద కొలతలు గీసింది. క్లాసు అయ్యేలోపు చెరో సెంటున్నరకి ఒప్పించి సంతకాలు పెట్టించింది. అందరూ చప్పట్లు కొట్టారు.

"ఇప్పుడు చీటీలు చదవండి" అన్నారు మేడం.

అన్న చదివాడు: "వాడు ఒక్కసారి నా గడప తొక్కితే ఆ 3 సెంట్లూ వాడికే రాసిచ్చేస్తా."

తమ్ముడు చదివాడు: "అన్నయ్య కూతురి పెళ్లికి నన్ను పిలవలేదు. పిలిచుంటే ఆ రోజే గట్టు వెనక్కి జరిపేసేవాణ్ణి."

"విడిగా పిలవాలన్న ఆలోచనే రాలేదు మేడం" అంది అమ్మాయి. తర్వాత అడిగింది: "ఇది నిజం కేసేనా? ఏం తేలింది?"

"అన్న గెలిచాడు. కేసు నడుస్తుండగానే తమ్ముడు పోయాడు. భార్యనీ కూతుర్నీ రెండో ప్రతివాది, మూడో ప్రతివాదిగా చేర్చారు."

"మరి చీటీల్లో మాటలు మీకెలా తెలిశాయి?"

"తమ్ముడు ఇంట్లో రోజూ అనే మాటే అది. అన్న మాట, తీర్పు వచ్చిన రోజు కోర్టు వరండాలో ఆయనే అన్నాడు."

"ఎవరితో మేడం?"

"మూడో ప్రతివాదితో. ఆ తమ్ముడి కూతుర్ని నేనే."