వార్డెన్‌కు ఎంతమంది కూతుళ్ళు?

పరాయి దేశంలో మనుషుల మీద పరిశోధన చేయాలంటే పెద్ద తతంగమేనట. విషయం అర్థమయ్యేలా చెప్పాలి, ఇష్టపడితేనే చేర్చుకోవాలి, మధ్యలో మానేస్తానంటే పోనివ్వాలి. ఈ నియమాలను 1947లో న్యూరెంబర్గ్‌లో రాసి, 1964లో హెల్సింకీలో మళ్ళీ రాసి, ఇప్పటికీ దిద్దుతూనే ఉన్నారు. పాపం, అంత శ్రమెందుకు? ఖమ్మం జిల్లాకొచ్చి హాస్టల్ వార్డెన్‌కు ఒక కలం ఇస్తే పోయేది.

2009 జులైలో ఆ ముచ్చటా తీరింది. అమెరికా సంస్థ పాత్, గేట్స్ ఫౌండేషన్ సొమ్ము, మన ఐసీఎంఆర్ అండ, రాష్ట్ర ప్రభుత్వ సిబ్బంది. అప్పటి ఖమ్మం జిల్లాలోని భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలకు గర్భాశయ ముఖ కేన్సర్ రాకుండా వేసే హెచ్‌పీవీ టీకా. చాలామంది గిరిజన హాస్టళ్ళ పిల్లలు. తర్వాత అనుమతి పత్రాలు తిరగేస్తే, 9,543లో 1,948 వేలిముద్రలు, 2,763 వార్డెన్ల సంతకాలు తేలాయి. ఇంతమంది ఆడపిల్లల భారం మోస్తున్న వార్డెన్లకు ప్రభుత్వం కనీసం ఒక సన్మానమైనా చేయలేదు.

టీకా చెడ్డదని నేననడం లేదు. కొందరు పిల్లలు చనిపోతే, అందుకు టీకా కారణమని తేలలేదని ప్రభుత్వం వేసిన విచారణ సంఘమే చెప్పింది. కానీ మంచి మందైతే తల్లిని అడగక్కర్లేదా? పైగా ఇది ‘ప్రయోగం’ కాదట, ఉత్త ‘పరిశీలన’ అట. సూది గుచ్చి పరిశీలించడం కొత్త విద్యే. 2010 ఏప్రిల్‌లో పని ఆగింది. 2013 ఆగస్టులో పార్లమెంటరీ స్థాయీ సంఘం నిప్పులు చెరిగింది. నివేదిక అల్మారాలోకి క్షేమంగా చేరింది.

ఖమ్మం మనకు దూరమని వినుకొండలో ఎవరూ గుండెల మీద చేయి వేసుకుని పడుకోనక్కర్లేదు. 2011లో రొమ్ము కేన్సర్ మందు పరీక్షకు హైదరాబాద్ తీసుకెళ్ళింది మన పక్కనున్న పిడుగురాళ్ళ ఆడవాళ్ళనే. అక్కడ విదేశీ దొర అక్కర్లేకపోయింది. పేదరికం, నాలుగు డబ్బులు, ఊళ్ళో ఒక మధ్యవర్తి, అంతే.

మన మిరప రైతు గుంటూరు యార్డులో తన టిక్కీలోంచి గుప్పెడు కాయలు మచ్చు తీస్తుంటే కళ్ళల్లో వత్తులేసుకుని చూస్తాడు. ఎక్కువ తీస్తే గొంతెత్తుతాడు. కాయకున్న ఆ పాటి కాపలా కూతురి నెత్తురుకు లేకపోవడమే మన అభివృద్ధి.

ఇప్పుడు రూల్స్ మారాయిలెండి. నిస్సహాయుల మీద కొత్త మందు పరీక్షిస్తే అనుమతిని వీడియో తీయాలని 2019 నిబంధనలు చెప్తున్నాయి. భేష్. “అర్థమైందా అమ్మా?” అంటే “ఆ, అయిందయ్యా” అని తలూపడం ఇకమీదట రంగుల్లో రికార్డవుతుంది. డాక్టరు గారి ముందు, ఏఎన్ఎమ్ అమ్మాయి పక్కన నిలబడి, కాదనే ధైర్యం ఏ తల్లికి ఉంటుందో ఆ కెమెరాకు తెలియదు.

అందుకే నాదొక చిన్న విన్నపం. అయ్యా పరిశోధకులారా, ఎంతమంది ఒప్పుకున్నారో గర్వంగా అచ్చేస్తారు. వద్దన్న తల్లులెందరో కూడా ఆ పక్కనే అచ్చేయండి. అక్కడ సున్నా ఉంటే, మీ పరిశోధన అంత గొప్పదని కాదు, మీరు ఎవరినీ అడగలేదని.