కొంగుముడిలో బిళ్ళ

నా పేరు క్లోనిడిన్. ఉద్దానంలో, జీడితోటల మధ్య ఒక ఇంట్లో, గూట్లో పెట్టిన బిస్కెట్ల డబ్బాలో ఉంటాను. బిళ్ళలో నేనున్నది 100 మైక్రోగ్రాములే, అంటే గ్రాములో పదివేలో వంతు.

నన్ను చేసింది బీపీ కోసం కాదు. 1960ల మొదట్లో జర్మనీలో, బోరింగర్ ఇంగెల్‌హైమ్ కంపెనీలో, ముక్కుదిబ్బడ తగ్గించాలని చేశారు. అక్కడ జలుబుతో ఉన్న ఒక ఉద్యోగిని ముక్కులో నన్ను చుక్కలుగా వేస్తే, ఆవిడ రోజంతా ఒళ్ళు తెలియకుండా నిద్రపోయింది. బీపీ పడిపోయింది, నాడి నెమ్మదించింది. ఇక ముక్కు సంగతి వెనక్కి పోయింది. 1966లో బీపీ మందుగా బజారుకొచ్చాను.

రక్తనాళాలు బిగించమనీ, గుండెను పరిగెత్తించమనీ మెదడు అడుగు నుంచి వెళ్ళే కబుర్లను తగ్గించడం నా పని. నుదుటి వెనక భాగంలోనూ పనిచేస్తాను, నిలకడ కుదరని పిల్లలకు కాస్త కుదురునిస్తాను. 2010లో అమెరికాలో, 6 నుంచి 17 ఏళ్ళ పిల్లల ఏడీహెచ్‌డీకి, మెల్లగా కరిగే బిళ్ళగా నాకు అనుమతి వచ్చింది. అలాంటి పిల్లలను మొండివాళ్ళని కొడుతుంటే నా ప్రాణం ఉసూరుమంటుంది.

ఈ ఇంటి పెద్దాయనకు కిడ్నీలు దెబ్బతిన్నాయి. మిగతా బిళ్ళలకు బీపీ దిగక నన్నూ చేర్చారు. నోరెండిపోతోందనీ, పగలు కూడా మగతగా ఉంటోందనీ విసుక్కుంటాడు. నిజమే, అది నా వల్లే.

మొన్న మేనకోడలి పెళ్ళికి వెళ్తూ డబ్బా గూట్లోనే వదిలేశాడు. "రెండ్రోజులే కదే, ఏటవుద్ది" అన్నాడు భార్యతో. తిరిగొచ్చాక వాళ్ళు చెప్పుకుంటుంటే విన్నాను. రెండో రోజు పందిట్లోనే తలపోటు, చెమటలు, గుండెదడ. చెయ్యి వణికి గ్లాసులో మజ్జిగ పంచె మీద ఒలికిందట. ఇన్నాళ్ళూ నేను ఆపిన కబుర్లన్నీ గట్టు తెగినట్టు ఒక్కసారిగా వచ్చిపడ్డాయి. బీపీ 220. మూడు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు.

నన్ను ఉన్నట్టుండి మానకూడదు. మానాల్సివస్తే డాక్టరు చెప్పినట్టు కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ రావాలి. ఆ ఒక్క మాట ఆయన చీటీ మీద ఎవరూ రాయలేదు, నోటితోనూ చెప్పలేదు. ఆ బాధ నాకింకా తీరలేదు.

ఇప్పుడు ఏ ఊరెళ్ళినా ఆవిడ అట్ట నుంచి నాలుగు బిళ్ళలు కత్తిరించి కొంగున ముడేసుకుంటుంది. బస్సెక్కే ముందు ఆ ముడిని ఒకసారి తడిమి చూసుకుంటుంది.