నన్ను విప్పే ముందు: ఒక ఆల్టర్నేటర్ ఆత్మకథ

నేను ఆల్టర్నేటర్‌ని. నూజివీడు, ఆగిరిపల్లి, ముసునూరు తోటల నుంచి మామిడికాయ మోసే పికప్ బండిలో ఇంజను పక్కన బిగించి ఉంటాను. బెల్టు తిప్పితే తిరుగుతాను. సెల్ఫ్ కొట్టేటప్పుడు పని బ్యాటరీది. ఇంజను అందుకున్నాక లైట్లు, హారను, ఇంజనును నడిపించే ఈసీయూ, ఖర్చయిన బ్యాటరీని మళ్ళీ నింపడం, అన్నీ నా వంతు. అందుకే తెల్లవారి సెల్ఫ్ తీసుకోకపోతే అనుమానం మొదట నా మీదికే వస్తుంది. ‘డైనమో పోయింది, కొత్తది వేసెయ్’ అనే మాట మా వైపు ఇట్టే వచ్చేస్తుంది. మల్టీమీటరు పెట్టకుండా చెప్పే ఆ తీర్పు తీర్పే కాదన్నది నా వాదన. నాలో లోపం ఉండదని అనను. ఉందో లేదో తేలాకే నన్ను విప్పాలంటాను.

నా లోపల రోటరు ఉంది. కార్బన్ బ్రష్‌ల గుండా దాని చుట్టకు కొద్దిపాటి కరెంటు అందితే అది అయస్కాంతమవుతుంది. అది తిరుగుతుంటే చుట్టూ ఉన్న స్టేటరు తీగల్లో కరెంటు పుడుతుంది. 1831లో ఫారడే చూపించిన సూత్రమే ఇది. పుట్టేది ఏసీ, బ్యాటరీకి కావలసింది డీసీ, ఆ మార్పు డయోడ్ల పని. వోల్టేజి 14 దగ్గర నిలబెట్టేది రెగ్యులేటరు. మాకు ముందు బండ్లలో నిజంగానే డైనమోలు ఉండేవి, అవి నెమ్మది వేగంలో దాదాపు ఏమీ ఇచ్చేవి కావు. సిలికాన్ డయోడ్లు వచ్చాక, 1960లో క్రైస్లర్ వాలియంట్ కారుతో మొదలై, మేం వాటి చోటు తీసుకున్నాం. ఇన్ని భాగాల్లో ఏదైనా విడిగా చెడవచ్చు. వీటికి బయట బెల్టు, తీగలు, ఎర్త్, బ్యాటరీ ఉన్నాయి. ఫిర్యాదు మాత్రం అన్నిటికీ ఒక్కటే: ఛార్జింగ్ లేదు.

ఇక మామిడి సీజను సంగతి. ఏప్రిల్ నుంచి జూన్ దాకా బంగినపల్లి, రసాలు, కలెక్టరు కాయ కదిలే రోజుల్లోనే ఇక్కడ ఎండ ముదురుతుంది. తోటలో ఇంజను ఆపి కాయ ఎక్కిస్తారు, మళ్ళీ సెల్ఫ్ కొడతారు, ఇంకో తోట దగ్గర మళ్ళీ ఆపుతారు. చీకటి పడ్డాక నున్న మామిడి మార్కెట్టు దారి, అక్కడ దించే వరకు వరసలో హెడ్‌లైట్లతో ఐడిలింగ్. ఐడిలింగ్‌లో నేను ఇవ్వగలిగేదే తక్కువ. వేడెక్కితే తీగల నిరోధం పెరిగి అది ఇంకా తగ్గుతుంది. అంటే బ్యాటరీ ఇచ్చింది తిరిగి రావడానికి వ్యవధి ఉండదు. సీజను కానప్పుడు కదలకుండా ఉన్న బండి బ్యాటరీలో, ఛార్జి లేక ప్లేట్ల మీద సల్ఫేటు గట్టిపడుతుంది. ఆ బ్యాటరీ మొదటి లోడు రోజునే చేతులెత్తేస్తే, దోషం నాదని ఏ ఆధారంతో అంటారు?

ఆధారం కావాలంటే కొలవాలి. రాత్రంతా ఆగిన బండికి బ్యాటరీ టెర్మినళ్ళ మధ్య 12.6 వోల్టులు ఉంటే అది నిండుగా ఉన్నట్టు. 12కి దిగితే దాదాపు ఖాళీ. ఇంజను నడుస్తుండగా 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. హెడ్‌లైట్లు, బ్లోయరు వేసి, రేసు కొంచెం పెంచి చూసినప్పుడు అది బాగా పడిపోకూడదు. పడిపోతే నేరం రుజువైనట్టేనా? కాదు. అసలు కిటుకు ఆ తరవాతి కొలతలో ఉంది. ఆ లోడు అలాగే ఉంచి, మీటరు ఒక ముల్లు నా వెనక ఉన్న లావుపాటి బీ టెర్మినల్ మీద, రెండోది బ్యాటరీ పాజిటివ్ మీద పెట్టండి. ఆ తేడా 0.2, 0.3 వోల్టులు మించకూడదు. ఒక వోల్టు కనిపించిందంటే, నేను 14.2 పంపితే బ్యాటరీకి 13.2 చేరుతోంది, దారిలో పచ్చగా తుప్పు పట్టిన లగ్గో, వదులైన నట్టో దాన్ని తినేస్తోంది. అలాగే నా ఒంటి నుంచి బ్యాటరీ నెగెటివ్‌కూ చూడాలి. ఎర్త్ తీగ చివర మట్టి, తుప్పు పేరుకుంటే కొత్త ఆల్టర్నేటర్ బిగించినా అదే రోగం. బెల్టు నిగనిగలాడుతూ జారుతుంటే కూడా అంతే.

సీజన్లో ఇంత తీరిక ఎక్కడిది, కాయ పండిపోతుంది కదా అంటారు. న్యాయమైన మాటే. కానీ ఈ కొలతలకు పట్టేది నిమిషాలు. తప్పుడు భాగం మార్చిన బండి మర్నాడు దారి మధ్యలో ఆగితే పోయేది లోడంతా. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ పీకి చూస్తే చాలదా అని ఇంకొకరు అడుగుతారు. డైనమో కాలం నుంచి వచ్చిన అలవాటు అది. బ్యాటరీ ఒక్కసారి తెగిపోతే నా వోల్టేజి క్షణంలో పదుల వోల్టులు ఎగురుతుంది. 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బీఎస్-6 బండ్లలో ఆ దెబ్బ నా డయోడ్లతో ఆగదు, ఖరీదైన ఈసీయూ దాకా పోగలదు. ఛార్జింగ్ లైటు వెలగడం లేదు కాబట్టి అంతా బాగుందనడమూ సరికాదు. తాళం తిప్పి ఇంజను స్టార్ట్ చేయనప్పుడు ఆ లైటు వెలగాలి. చాలా బండ్లలో నాకు తొలి కరెంటు ఆ బల్బు గుండానే వస్తుంది. బల్బు మాడిపోతే నేను మేలుకోకపోవచ్చు. కొన్ని కొత్త బండ్లలో నా వోల్టేజిని ఈసీయూ కావాలనే తగ్గిస్తుందన్న అభ్యంతరానికి మాత్రం నేను తలవంచుతాను. అక్కడ 14 లేదని తొందరపడకుండా కంపెనీ మాన్యువల్ చూడాలి.

ఇవన్నీ సరిగ్గా ఉండి, ఇంజను నడుస్తుండగా బీ టెర్మినల్ దగ్గరే ఛార్జింగ్ వోల్టేజి లేకపోతే అప్పుడు లోపం నాదే. బ్యాటరీ టెర్మినళ్ళ మీద మీటరును ఏసీకి తిప్పి చూసినప్పుడు అర వోల్టు దాటితే డయోడ్ చెడిందని గట్టిగా అనుమానించాలి. డయోడ్ లీకైతే బండి ఆగి ఉన్నా బ్యాటరీ దిగిపోతుంది, ఇంజను చల్లారాక కూడా నా ఒళ్ళు వెచ్చగా ఉండొచ్చు. అప్పుడైనా మొత్తం మార్చక్కర్లేదు. కార్బన్ బ్రష్‌లు, రెగ్యులేటరు, డయోడ్ ప్లేటు చాలా వాటికి విడిగా దొరుకుతాయి. విప్పే ముందు బ్యాటరీ నెగెటివ్ తీయండి, ఎందుకంటే తాళం తీసేసినా నా బీ టెర్మినల్‌లో కరెంటు ఉంటుంది. నన్ను మార్చాల్సే వస్తే, పూర్తిగా దిగిన బ్యాటరీని బయట ఛార్జరు మీద నింపాకే కొత్త ఆల్టర్నేటర్‌ను బిగించండి. ఖాళీ బ్యాటరీని మొదటి గంటల్లోనే నింపమంటే, మే నెల ఎండలో కొత్త ఆల్టర్నేటర్ కూడా కాగిపోతుంది.