నాకు తెలిసింది నా గోడ వేడే

ఒక ఇంటి గోడమీద థర్మోస్టాట్‌గా 50 ఏళ్లకు పైగా నేను చేసిన పని ఒక్కటే. చల్లబడితే అటు ఒరగడం, వెచ్చబడితే ఇటు ఒరగడం.

నా లోపల గడియారం స్ప్రింగులాంటి చుట్ట ఒకటి ఉంది. వేడికి ఒకే తీరుగా సాగని రెండు లోహాల రేకుల్ని అతికించి చుట్టారు. గది చల్లబడితే అది ఒక వైపుకు మెలి తిరుగుతుంది. దాని మీద చిన్న గాజు బుడ్డి, బుడ్డిలో పాదరసపు బొట్టు. బుడ్డి ఒరగ్గానే బొట్టు ఒక కొసకు జారి, అక్కడి రెండు తీగల్నీ కలుపుతుంది. అంతే, కింద బేస్‌మెంటులో ఇంటిని వెచ్చబరిచే ఫర్నేస్ అంటుకుంటుంది. గది వెచ్చబడ్డాక బొట్టు వెనక్కి జారుతుంది, మంట ఆరుతుంది. నా గుండా నడిచేది 24 వోల్టుల కరెంటు. నాకు బ్యాటరీ అక్కర్లేదు, వైఫై పాస్‌వర్డ్ అంతకంటే అక్కర్లేదు.

మిన్నియాపొలిస్ శివారులో 1969లో కట్టిన ఇల్లది. చలిదేశంలో పుట్టిన వంశం మాది. 1883లో వారెన్ జాన్సన్ అనే బడిపంతులు పొరుగున ఉన్న విస్కాన్సిన్‌లో గదివేడిని కనిపెట్టి చూసే కరెంటు పరికరానికి పేటెంటు తీసుకున్నాడు. అప్పటిదాకా బడి నౌకరు ప్రతి తరగతిలోకీ వచ్చి వెచ్చగా ఉందో లేదో చూసుకుని, కిందికెళ్లి గాలితలుపులు సర్దేవాడు. 1885లో మిన్నియాపొలిస్‌లోనే ఆల్బర్ట్ బట్జ్ బొగ్గు కొలిమి గాలితలుపును దానంతటదే ఎత్తి దించే యంత్రం చేశాడు. అక్కడ మొదలైన కంపెనీయే చేతులు మారి, పేర్లు మారి హనీవెల్ అయ్యింది. 1953లో నా గుండ్రటి ముఖాన్ని తీర్చినవాడు హెన్రీ డ్రైఫస్. వేలు పెట్టి తిప్పే ఆ నల్ల టెలిఫోను కూడా ఆయన చేతిదే.

గుండ్రంగా ఎందుకంటే, నలుచదరపుదైతే గోడమీద కాస్త వంకరగా బిగించినా కంట్లో నలుసులా కనబడుతుందట. గుండ్రటిదానికి ఆ బాధ లేదు. తమాషా ఏమిటంటే, ముఖం ఎటు తిరిగినా అందంగానే ఉంటుంది కానీ లోపల పాదరసం ఊరుకోదు. అడుగుపలక రసమట్టానికి సరిగ్గా కూర్చోకపోతే నా లెక్క రెండు మూడు డిగ్రీలు తప్పుతుంది. నన్ను బిగించిన మనిషి ఆ సంగతి ఎరిగినవాడు. మట్టం పెట్టి చూశాడు. ఎండ పడని లోపలి గోడ ఎంచుకున్నాడు. నేలకు 5 అడుగుల ఎత్తు, దగ్గర్లో వేడిగాలి గొట్టం లేదు, కింద దీపం లేదు. ఈ చివరిమాట గుర్తుంచుకోండి.

మొదటి యజమాని పొదుపు మనిషి. 1977 ఫిబ్రవరిలో ప్రెసిడెంట్ కార్టర్ ఊలు స్వెటర్ వేసుకుని టీవీలో కూర్చుని, పగలు 65, రాత్రి 55 ఫారెన్‌హీట్ డిగ్రీలు చాలునని దేశానికి చెప్పినప్పుడు ఆయన లేచి వచ్చి నన్ను తిప్పాడు. ఆ తర్వాత పాతికేళ్లు నేను 65 దాటిన రోజులు వేళ్లమీద లెక్కపెట్టవచ్చు. 1990ల్లో ఏసీ పెట్టించి, గోడలో 5 తీగల కేబుల్ కొత్తగా లాగించాడు. ఎరుపుది కరెంటు తెచ్చేది, తెలుపుది వేడికి, పసుపుది చల్లదనానికి, ఆకుపచ్చది ఫ్యానుకు. నీలంది దేనికీ కాదు. దాన్ని చుట్టచుట్టి నా వెనక గోడలోకి తోసేశారు. కొత్తకోడలు పుట్టింటి నుంచి తెచ్చుకున్న పెద్ద గుండిగలా అక్కరకు రాకుండా 30 ఏళ్లు పడి ఉంది.

తర్వాత ఇల్లు మన తెలుగువాళ్లు కొన్నారు. పల్నాడు అబ్బాయి, కాకినాడ అమ్మాయి. నా ముఖం మీద రెండు సూచికలు, ఒకటి గది వేడి, రెండోది మనుషుల కోరిక. ఆ రెండోదాని మీదే వాళ్ల కాపురం నడిచింది. అతను 68కి తిప్పి ఆఫీసుకు వెళ్లేవాడు, ఆమె 74కి తిప్పేది. ఒక్కోసారి చలికి ఓర్చుకోలేక ఏకంగా 80కి తిప్పేది, త్వరగా వేడెక్కుతుందని. నేనేం చెప్పను! 80కి తిప్పినా ఫర్నేస్ మండేది అదే మంట, అదే వేగం. ఆపాల్సిన చోటు మాత్రం దూరం జరుగుతుంది.

మొన్న నవంబరులో అతని తల్లి వచ్చింది. ఊరు రెంటచింతల. మే నెలలో 45 డిగ్రీలు దాటినా అక్కడ వార్త కాదు. "ఇంట్లో అరవై ఎనిమిది పెట్టానమ్మా" అన్నాడు కొడుకు. ఆవిడ అదిరిపడింది. "అరవై ఎనిమిదా! మనూళ్లో నలభై ఐదుకే పిట్టలు రాలిపోతయ్యి కదరా!" ఇక్కడి డిగ్రీలు వేరనీ, 68 అంటే అక్కడి 20 అనీ చెప్పాడు. ఆవిడ ఇంకా గట్టిగా అదిరిపడి రెండో శాలువా కప్పుకుంది.

ధనుర్మాసం వచ్చింది. ఆవిడ తెల్లవారుజామున లేచి పూజ చేస్తుంది. మొదట తన పడకగదిలోనే దేవుణ్ణి పెట్టుకుంది గానీ, అగరుబత్తి పొగకు పైకప్పు మీది అలారం ఇంటిల్లిపాదినీ లేపి కూర్చోబెట్టింది. దాంతో చిన్న చెక్క మందిరం హాల్లోకి వచ్చింది. తూర్పుముఖం, చదునైన గోడ, ఎవరూ తిరగని మూల. సరిగ్గా నా కిందే.

రెండు కుందులు, నువ్వులనూనె, లావుపాటి ఒత్తులు. వేడిగాలి గోడను రాసుకుంటూ నిట్టనిలువుగా నా ముఖానికి వచ్చేది. నా సూచిక 75 దగ్గర నిలబడేది. నా చుట్ట నాకు చెప్పినదే నేను నమ్మాలి కదా! బొట్టు వెనక్కి జారింది, ఫర్నేస్ పడుకుంది. బయట సున్నాకు 22 డిగ్రీలు కింద, అంటే మన లెక్కలో మైనస్ 30. దీపం కొండెక్కేసరికి రెండు గంటలు. అప్పటికి పిల్లల గదులు 62కి దిగిపోయేవి. దీపం ఆరాక నేను తేరుకుని ఫర్నేసును లేపేదాన్ని. అందరూ స్నానాలు చేసి హాల్లోకి వచ్చేసరికి ఇల్లు మామూలే. నాలుగు రోజులు ఇదే వరస.

"పాతదండీ, పని అయిపోయింది దీనికి" అంది కోడలు. అతను ఫోనులో చదివి తలూపాడు. కొత్తదానికి ఆర్డరు పెట్టాడు. నాకు నోరు లేదు. ఉంటే ఒక్క మాట అనేదాన్ని, కిందికి చూడండర్రా అని.

శనివారం పొద్దున పని మొదలైంది. ముందుగా ఫోటో తీసుకున్నాడు, ప్రతి తీగకీ చీటీ అంటించాడు. మెచ్చుకోదగ్గ పని, ఎందుకంటే రంగు ఒక అలవాటే గానీ చట్టం కాదు. తీగ ఏదో తేల్చేది మర పక్కన ఉన్న అక్షరం. నన్ను విప్పి, బుడ్డి పగలకుండా రెండు చేతులతో సోఫా మీద పెట్టాడు. అక్కడినుంచి మొదటిసారి నా గోడను ఎదురుగా చూశాను. నేనున్నంత మేర పాత లేత పచ్చరంగు గుండ్రంగా మిగిలి ఉంది, బొట్టు పెట్టినట్టు.

కొత్తదానికి తెర ఉంది, రేడియో ఉంది, కనుక తిండి కావాలి. తిండికి ఇంకో తీగ కావాలి. నీలం తీగకు ఉద్యోగం వచ్చింది! అతను దాన్ని గోడలోంచి బయటికి లాగి, బేస్‌మెంటుకు వెళ్లి దాని రెండో కొసను ఫర్నేస్ బోర్డులో సి అనే అక్షరం దగ్గర బిగించాడు. తలుపు తీసి ఉన్నంతసేపు ఫర్నేసుకు కరెంటు రాదు, అక్కడొక మీట ఉంటుంది. పని అయ్యాక తలుపు మూశాడు. మూయడంతోనే కరెంటు తిరిగొచ్చిందన్న సంగతి మరిచాడు. పైకొచ్చి తీగలు సర్దుతుంటే ఎరుపు కొస నీలం కొసను ముద్దాడింది. చిటుక్కుమని చిన్న మెరుపు. కొత్తది పలకలేదు, ఫర్నేసూ పలకలేదు.

రెండు గంటలు ఆ ఇంట్లో గట్టిగా మాట్లాడినవాళ్లు లేరు. పిల్లల్ని దుప్పట్లలో చుట్టారు. చివరికి బేస్‌మెంటు నుంచి గాలిగొట్టాల గుండా అతని కేక వినిపించింది. బోర్డు మీద ఊదారంగు ఫ్యూజు, 3 ఆంపియర్లది, కారులో వేసేలాంటిదే, మాడిపోయి ఉంది. కారు సామాను డబ్బాలో అలాంటిదే ఒకటి దొరికింది. ఈసారి బ్రేకరు ఆపి మరీ తీగలు బిగించాడు. కొత్తది వెలిగింది. అదీ గుండ్రంగానే ఉంది! నాకు కాస్త గర్వంగానే అనిపించింది, దాచడమెందుకు.

మర్నాడు ఆదివారం, తెల్లవారుజాము. ఆవిడ దీపం పెట్టింది. ఇల్లు మళ్లీ చల్లబడింది.

అయితే ఒక తేడా ఉంది. నా అంకెలు చీమతలకాయలంత ఉండేవి, ఆవిడకు అద్దాలున్నా కనబడేవి కావు. కొత్తది మనిషి దగ్గరికొస్తే చాలు, వేళ్లంత అంకెలు వేస్తుంది. హారతి ఎత్తిన చేయి ఎత్తినట్టే ఉంచి ఆవిడ తెరను చూసింది, తర్వాత తన కాళ్లను చూసుకుంది. అరచేయి గోడకు ఆనించి పైకి జరిపింది.

"ఒరేయ్ అబ్బాయ్, ఇట్రా ఒకసారి. ఇక్కడ డెబ్భై ఆరంట. నా కాళ్లేమో కట్టెలయిపోయినయ్యి." కొడుకు కళ్లు నులుముకుంటూ వచ్చాడు. "పొయ్యి తీసుకెళ్లి దాని మూతి కింద పెట్టి, ఇంట్లో చలెంతని అడిగితే పాపం అదేం చెబుద్దిరా? గోడ చూడు ఎట్టా కాలిందో."

అతను గోడ మీద చేయి పెట్టాడు. దీపం వైపు చూశాడు. తర్వాత, చాలాసేపు, సోఫా మీద ఉన్న నావైపు.

మందిరం ఆ పూటే ఎదుటి గోడకు మారింది. "అయితే పాతదాన్నే పెట్టెయ్యరాదూ, పాపం బాగానే ఉండె" అంది ఆవిడ. "దీంట్లో పాదరసం ఉందమ్మా, పగిలితే ప్రమాదం. చెత్తలో కూడా వెయ్యకూడదు, వేరే చోట ఇవ్వాలి" అన్నాడు. అదీ నిజమే. సుమారు 3 గ్రాములు మోస్తున్నాను.

ఇవాళ నన్ను జిప్ సంచిలో పెట్టి కారు ముందు సీటు మీద ఉంచాడు. కౌంటీవాళ్లు ప్రమాదకరమైన చెత్త తీసుకునే చోటికి వెళ్తున్నాం. రోడ్డు పక్కన మంచు మోకాలెత్తు ఉంది. కారు మలుపు తిరిగినప్పుడల్లా నేను ఒక పక్కకు ఒరుగుతున్నాను. బొట్టు జారి, దేనికీ తగిలించి లేని ఆ రెండు తీగల్నీ కలుపుతోంది. మళ్లీ మలుపు, మళ్లీ విడదీస్తోంది.